చిన్నపిల్లలతో ఆల్ప్స్‌లో మౌంటెన్ బైకింగ్ సెలవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపు పిల్లలున్న తెలుగువాళ్ళు, ముఖ్యంగా జర్మనీలో, ఇంగ్లండ్‌లో ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో కొండ సైకిల్ (ఇక్కడంతా బైక్ అనే అంటాను) తొక్కేవాళ్ళు, మమ్మల్ని పదేపదే అడిగేవి ఇక్కడ పెడుతున్నాను. మేం ఉండేది మ్యూనిక్ దగ్గర కాబట్టి నా మొగ్గు ఆస్ట్రియా వైపే ఉంటుంది, అది మనసులో పెట్టుకుని చదవండి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నేరుగా రావాలనుకునేవాళ్ళకి పనికొచ్చేవి కూడా మధ్యలో ఉన్నాయి.

చిన్నపిల్లని పెట్టుకుని ఇది అసలు అయ్యే పనేనా?

అవుతుంది. కానీ మీరిద్దరే వెళ్ళిన రోజుల లెక్క ఇక్కడ పనిచేయదు. పొద్దున తొమ్మిదికి మొదటి లిఫ్ట్ (మనల్నీ బైక్‌నీ కొండ పైకి చేర్చే రోప్‌వే) ఎక్కి సాయంత్రం ఆఖరి లిఫ్ట్ దాకా తొక్కుతూనే ఉండాలన్న ఆశ ఇంటి దగ్గరే వదిలేసి రండి. ఒక్కొక్కరికి రోజుకి రెండు మూడు గంటలు మంచి రైడింగ్ దొరుకుతుంది, మిగతా రోజంతా పిల్లదే. ఈ ఒక్క మాటకి ఇంట్లో ఇద్దరూ ముందే ఒప్పుకుంటే, ఏ ఊరు, ఏ గది, ఏ పాస్ అన్నవి వాటంతట అవే తేలిపోతాయి. ఒప్పుకోకపోతే మాత్రం రెండో రోజు మధ్యాహ్నం లిఫ్ట్ కింద నిలబడి "నువ్వే కదా పొద్దున మూడు రౌండ్లు కొట్టావు" అనే గొడవ ఖాయం, ఆ గొడవ ఏ భాషలో జరుగుతోందో పక్కన ఉన్నవాళ్ళకి తెలియకపోవడం ఒక్కటే అక్కడి లాభం.

ఏ ఊరికి వెళ్ళాలి?

ట్రెయిల్ (కొండ మీద బైక్ దారి) మ్యాప్ చూసి ఊరు ఎంచుకోకండి. మూడు విషయాలు చూడండి: గది నుంచి లిఫ్ట్‌కి నడిచి వెళ్ళొచ్చా, లిఫ్ట్ పై స్టేషన్ దగ్గర పిల్లలు రెండు గంటలు ఆడుకునే చోటు ఉందా, సులువైన నీలం ట్రెయిల్ పై నుంచి కింద దాకా తెగకుండా ఉందా. ఈ మూడూ ఉన్న చోటుకే వెళ్ళండి, ప్రపంచ ప్రసిద్ధి చెందిన నల్ల ట్రెయిల్, అంటే బాగా కష్టమైనది, ఉందా లేదా అన్నది తర్వాత.

మొదటిసారి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఆస్ట్రియాలోని సాల్‌బాఖ్-హింటర్‌గ్లెమ్. ఊరు సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కోల్‌మైస్ లిఫ్ట్ ఊరి మధ్య నుంచే మొదలవుతుంది. పైన మోంటెలినో అనే జోకర్ బొమ్మ పేరు మీద పిల్లలు నడిచే ఆటల దారి ఉంది, అదే కొండ నుంచి మిల్కా లైన్ అనే నీలం ట్రెయిల్ కిందికి దిగుతుంది. అంటే ఒకరు పిల్లతో ఆ దారిలో తిరుగుతుంటే ఇంకొకరు రెండు మూడు రౌండ్లు తొక్కేసి పైకి వచ్చి కలుసుకోవచ్చు. హింటర్‌గ్లెమ్ వైపు రైటర్‌కోగెల్ మీద కూడా ఇలాంటి ఏర్పాటే, అక్కడ కొండ మరుగుజ్జుల కథతో కోడోక్ అనే ఆట అడవి, పక్కనే బ్లూ లైన్. గట్టిగా తొక్కేవాళ్ళకి షాట్‌బెర్గ్ నుంచి ఎక్స్-లైన్ ఉండనే ఉంది, సుమారు వెయ్యి మీటర్ల దిగుడు. కొండకి అవతల లియోగాంగ్‌లో కింది స్టేషన్ దగ్గరే రైడర్స్ ప్లేగ్రౌండ్ అని చిన్నపిల్లలు నేర్చుకునే చోటు కట్టారు. 2012లోనూ 2020లోనూ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు జరిగిన ఊరు కాబట్టి ట్రెయిళ్ళ మరమ్మతు విషయంలో అశ్రద్ధ ఉండదు.

పిల్ల మరీ చిన్నదైతే, రెండు మూడేళ్ళదైతే, ఆస్ట్రియాలోనే టిరోల్ ప్రాంతంలోని సెర్‌ఫౌస్-ఫిస్-లాడిస్ చూడండి. అది మొదటినుంచీ కుటుంబాల ఊరే, సెర్‌ఫౌస్ ఊరి కింద 1985 నుంచి ఒక చిన్న భూగర్భ రైలు ఉచితంగా నడుస్తోంది. పిల్లలు కొండని మర్చిపోయి ఆ రైలే ఎక్కుదామంటారు.

ఇక ఫ్రాన్స్ వైపు పోర్ట్ డ్యు సొలే. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ సరిహద్దుకి రెండు వైపులా పన్నెండు ఊళ్ళు లిఫ్టులతో కలిసి ఉంటాయి. మోర్జీన్, లే జే, షాటెల్ అన్నీ అందులోవే. ఇంగ్లండ్ నుంచి వచ్చేవాళ్ళకి జెనీవా విమానాశ్రయం నుంచి గంటన్నర లోపే, ఊళ్ళో ఇంగ్లిష్ బాగా నడుస్తుంది, పిల్లల్ని చూసుకునే ఆయాలు ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళే దొరుకుతారు. అయితే జులై చివరికల్లా మోర్జీన్‌లోని ప్లెనే కొండ మీద ట్రెయిళ్ళు బ్రేకుల దెబ్బకి గతుకులైపోతాయి. పెద్దవాళ్ళకి అది మణికట్ల నొప్పితో పోతుంది, 20 అంగుళాల చక్రంతో దిగే పిల్లకి మాత్రం ప్రతి గతుకూ ఒక గొయ్యే. అక్కడికైతే జూన్ చివర్లోనో జులై మొదట్లోనో వెళ్ళడం మేలు. అక్కడిదే అవోరియాజ్ 1800 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, లోపలికి కార్లు రానివ్వరు. పిల్ల చెయ్యి వదిలి పరుగెత్తినా గుండె దడ ఉండదు.

స్విట్జర్లాండ్‌లో లెంజర్‌హైడె, ఇటలీలో లివిన్యో కూడా బాగుంటాయి. స్విట్జర్లాండ్‌లో ఒక పూట భోజనం బిల్లు చూశాక పిల్ల ఐస్‌క్రీమ్ అడిగితే భయం వేస్తుంది, అంతే తేడా.

ఏ నెలలో వెళ్ళాలి?

జూన్ మూడో వారం నుంచి సెప్టెంబర్ మొదటి వారం దాకా ఎక్కడికైనా వెళ్ళొచ్చు. ఆగస్ట్ 15 చుట్టుపక్కల వారం వదిలేయండి, ఆస్ట్రియా, ఇటలీ, ఫ్రాన్స్ మూడు దేశాల్లోనూ ఆ రోజు సెలవు, గదుల ధరలు, లిఫ్ట్ దగ్గర వరసలు రెండూ పెరుగుతాయి. బడికి వెళ్ళని పిల్ల అయితే సెప్టెంబర్ మొదటి పక్షం బంగారం.

ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి ఇక్కడో చిక్కుంది. మన బడుల ఎండాకాలం సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ రెండో వారానికి అయిపోతాయి. ఆల్ప్స్‌లో అప్పటికి ఎండాకాలం మొదలవుతూ ఉంటుంది, మే నెలలో పై కొండల మీద ఇంకా మంచు, చాలా లిఫ్టులు మూసే ఉంటాయి. సాల్‌బాఖ్‌లో కొన్ని లిఫ్టులు మే లోనే తెరుస్తారు గానీ అన్నీ కావు. కాబట్టి పిల్ల ఒకటో తరగతి దాటకముందే ఒక వారం బడి మానిపించి జూన్ చివర్లో రావడం ఒక దారి. దసరా సెలవులు ఇంకో దారి, కానీ అది ఆస్ట్రియాకే కుదురుతుంది, పోర్ట్ డ్యు సొలేలో సెప్టెంబర్ మధ్యకే బైక్ లిఫ్టులు ఆపేస్తారు. సాల్‌బాఖ్ వైపు అక్టోబర్ దాకా తిరుగుతాయి. అప్పటి చలికి మాత్రం హైదరాబాద్ స్వెటర్ ఆగదు.

వీసా ఏ దేశానికి పెట్టాలి?

ఎక్కడ ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికి. మ్యూనిక్‌లో దిగినా ఉండేది సాల్‌బాఖ్‌లో అయితే ఆస్ట్రియాకే, జెనీవాలో దిగి మోర్జీన్‌లో ఉంటే ఫ్రాన్స్‌కే పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఎండాకాలంలో అపాయింట్‌మెంట్లు దొరకడమే అసలు టెన్షన్, అందుకని ఫిబ్రవరి మార్చిలోనే మొదలెట్టండి. 2024 జూన్ నుంచి షెంగెన్ వీసా (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) రుసుము పెద్దవాళ్ళకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళ లోపు పిల్లలకి 45, ఆరేళ్ళలోపు వాళ్ళకి ఏమీ లేదు. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి వేలిముద్రలు కూడా తీసుకోరు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి, దాని గురించి కింద ఇంకా చెప్తాను.

ఇంగ్లండ్‌లో ఉంటూ ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకీ షెంగెన్ వీసా కావాలి. జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే అక్కర్లేదు, కానీ కార్డు ఇంట్లో మర్చిపోకండి, కూఫ్‌స్టైన్ సరిహద్దు దగ్గర తిరిగి వచ్చేటప్పుడు జర్మన్ పోలీసులు ఆపి చూస్తుంటారు.

కారులో వెళ్ళాలా, రైల్లోనా?

పిల్ల, రెండు బైకులు, ఒక చిన్న బైక్, బొమ్మలు, ప్రెషర్ కుక్కర్. కారే.

మ్యూనిక్ నుంచి సాల్‌బాఖ్‌కి ట్రాఫిక్ లేకపోతే రెండున్నర నుంచి మూడు గంటలు. కూఫ్‌స్టైన్ మీదుగా వెళ్తే సరిహద్దు నుంచి కూఫ్‌స్టైన్-స్యూడ్ ఎగ్జిట్ దాకా ఆస్ట్రియా హైవేకి 2019 డిసెంబర్ నుంచి విన్యెట్ (హైవే టోల్ స్టిక్కర్) అక్కర్లేదు. అక్కడ దిగి సాంక్ట్ యోహాన్, హోఖ్‌ఫిల్జెన్, లియోగాంగ్ మీదుగా మామూలు రోడ్డు పట్టుకుంటే టోల్ లేకుండానే చేరిపోతారు. శనివారం పొద్దున బయల్దేరకండి, సగం జర్మనీ అదే రోడ్డు మీద ఉంటుంది. రైల్లో రావాలనుకుంటే లియోగాంగ్‌కి సొంత స్టేషన్ ఉంది, సాల్‌బాఖ్‌కైతే జెల్ ఆమ్ జేలో దిగి బస్సు ఎక్కాలి.

బైకులు మావే తీసుకురావాలా, అద్దెకి తీసుకోవాలా?

కారులో వస్తే మీవే తెచ్చుకోండి, పిల్ల బైక్ అయితే తప్పకుండా. పిల్లలకి అలవాటైన బ్రేక్, అలవాటైన సీటు ఎత్తు ఉండాలి, కొత్త బైక్ మీద మొదటి రోజంతా ఏడుపే. విమానంలో వచ్చేవాళ్ళు పెద్దవాళ్ళ బైకులు అక్కడే అద్దెకి తీసుకోండి, పిల్లని ఎత్తుకుని బైక్ పెట్టె తోసుకుంటూ విమానాశ్రయం దాటడం ఊహించుకుంటే చాలు. ఈ-బైక్ బ్యాటరీ ప్రయాణికుల విమానంలో ఎక్కించనివ్వరు, 160 వాట్-అవర్ దాటిన లిథియం బ్యాటరీలకి అనుమతి లేదు, ఈ-బైక్‌వి సాధారణంగా 400 పైమాటే.

ఇండియా నుంచీ ఇంగ్లండ్ నుంచీ వచ్చేవాళ్ళు దీన్ని రెండుసార్లు చదవండి. మన దగ్గర కుడిచేతి బ్రేక్ ముందు చక్రానికి. యూరప్‌లో అద్దె బైకులకి ఎడమచేతిది ముందు చక్రానికి. అనంతగిరి కొండల్లో ఏళ్ళ తరబడి తొక్కిన చెయ్యి అలవాటుగా ఎడమ లీవర్ గట్టిగా నొక్కిందంటే హ్యాండిల్ మీదుగా ముందుకి ఎగిరి పడతారు. షాపులో బైక్ ఇచ్చేటప్పుడే అడగండి, కొన్ని చోట్ల మార్చి ఇస్తారు. మార్చకపోతే పార్కింగ్‌లో పావుగంట మెల్లగా తొక్కి, ఎడమ వేలికి అలవాటు చేసి, అప్పుడు లిఫ్ట్ ఎక్కండి.

పిల్లని నా బైక్ మీదే కూర్చోబెట్టుకోవచ్చా?

ఏడాది లోపు పిల్లని ఏ సీట్లోనూ వద్దు. మెడ నిలబడటం ఒక్కటే చాలదు, గతుకుల్లో హెల్మెట్ బరువు కూడా ఆ మెడే మొయ్యాలి.

రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ మధ్య పిల్లలకి ముందు పెట్టే సీట్లు, న్యూజిలాండ్ వాళ్ళ షాట్‌గన్, కెనడా వాళ్ళ మ్యాక్ రైడ్ లాంటివి, చాలామంది వాడతారు. పిల్ల మీ రెండు చేతుల మధ్య కూర్చుని హ్యాండిల్ పట్టుకుంటుంది, దారి కనిపిస్తుంది, కబుర్లు చెప్తుంది, వెనక సీట్లోలాగ మీ వీపు చూస్తూ నిద్రపోదు. అయితే ఆస్ట్రియాలో ఒక మెలిక ఉంది. అక్కడి సైకిల్ నిబంధనల ప్రకారం పిల్లల సీటు తొక్కేవాళ్ళ సీటుకి వెనకే ఉండాలి, తొక్కేవాళ్ళకి పదహారేళ్ళు నిండాలి, కూర్చున్న పిల్లకి ఎనిమిదేళ్ళు దాటకూడదు. ముందు సీట్లతో తిరిగేవాళ్ళు కనిపిస్తూనే ఉంటారు, కానీ ప్రమాదం జరిగిన రోజు బీమా వాళ్ళు ఈ నిబంధనే తీస్తారు. నా మాట అడిగితే ఆస్ట్రియాలో ట్రెయిలర్ (బైక్ వెనక తగిలించే పిల్లల బండి) నయం.

ఏ సీటైనా సరే, దానితో బైక్ పార్క్ ట్రెయిల్ మీదకి దిగకండి. చాలా పార్కులు ఒప్పుకోవు, ఒప్పుకున్నా మీరు పడితే పిల్ల మీ కింద పడుతుంది. ఆ సీట్లకి తగిన చోటు లోయలో దారులు, అడవిలో వెడల్పాటి మట్టిరోడ్లు. జెల్ ఆమ్ జే సరస్సు చుట్టుపక్కల, కాప్రున్ వైపు, టౌర్న్ సైకిల్ దారి మీద పిల్లని కూర్చోబెట్టుకుని రోజంతా తిరగొచ్చు. ఇంకొకటి, ఆస్ట్రియాలో అడవి రోడ్లన్నీ సైకిళ్ళకి తెరిచి ఉండవు, బైక్ గుర్తు ఉన్న దారుల్లోనే వెళ్ళాలి. మ్యాప్‌లో గీత కనిపించింది కదా అని తిప్పేస్తే అడవి యజమాని ఎదురై క్లాసు పీకుతాడు.

తనే తొక్కాలంటే ఎన్నేళ్ళు రావాలి?

వయసు కన్నా చేతుల బలం చూడండి. ఆల్ప్స్‌లో నీలం ట్రెయిల్ అంటే సులువు అనే అర్థమే గానీ పొట్టి అని కాదు, ఒక్కోటి ఐదారు కిలోమీటర్లు దిగుతూనే ఉంటుంది. ఆ ఐదారు కిలోమీటర్లూ పిల్ల వేళ్ళు బ్రేక్ మీదే ఉంటాయి. మా అమ్మాయి కాళ్ళు నొప్పి అని ఎప్పుడూ అనలేదు. సగం దారిలో ఆపి నీళ్ళ సీసా చేతికిస్తే మూత తిప్పలేక నా వైపు చాచింది, వేళ్ళు కొక్కెంలా వంగిపోయి ఉన్నాయి. అప్పటినుంచి అదే నా కొలత: పిల్ల సీసా మూత తనంతట తీసుకోలేకపోతే ఆ రోజుకి కొండ దిగుళ్ళు అయిపోయినట్టే.

అందుకని బయల్దేరే ముందు ఇంటి దగ్గరే బ్రేక్ లీవర్ని హ్యాండిల్ దగ్గరికి జరిపించండి, లీవర్ మీద చిన్న స్క్రూ ఉంటుంది, చూపుడువేలి మొదటి కణుపు లీవర్ మీదకి తేలిగ్గా రావాలి. డిస్క్ బ్రేకులుంటే మంచిది.

ఉజ్జాయింపుగా చెప్పాలంటే మూడు నాలుగేళ్ళకి పెడళ్ళు లేని బ్యాలెన్స్ బైక్ మీద లోయలోని పంప్ ట్రాక్ (చిన్న చిన్న ఎత్తుపల్లాల ట్రాక్), ఐదేళ్ళకి పెడల్ బైక్‌తో నేర్చుకునే పార్క్, ఆరేడేళ్ళకి పెద్దవాళ్ళతో నీలం ట్రెయిల్. ఊళ్ళో బైక్ స్కూళ్ళుంటాయి, మొదటి రోజు రెండు గంటలు అక్కడ అప్పజెప్పండి. అమ్మానాన్నలు చెప్తే వినని పిల్లలు మట్టి కొట్టుకున్న షూస్‌తో వచ్చిన అక్క చెప్తే ఒక్క మాటకి మోచేతులు వంచుతారు. ఎక్కుడు దారుల్లో లాగడానికి సాగే తాడు ఒకటి తెచ్చుకోండి, మీ సీటుకి ఒక కొస, పిల్ల హ్యాండిల్‌కి ఇంకో కొస. దిగుడు రాగానే విప్పేయాలి, మర్చిపోకూడదు.

ట్రెయిల్ మీద పిల్ల ముందు, మీరు వెనక. ఇంకో పెద్దమనిషి ఉంటే ముందు ఒకరు వెళ్ళొచ్చు. వేగంగా వచ్చేవాళ్ళకి మీరే అడ్డుగా కనిపించాలి, పిల్ల కాదు.

హెల్మెట్, ప్యాడ్లు ఏవి కొనాలి?

ఆస్ట్రియాలో పన్నెండేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి, ట్రెయిలర్‌లో కూర్చున్నా సరే. ఫ్రాన్స్‌లోనూ 2017 మార్చి నుంచి అంతే. లోయలో తిరగడానికి మామూలు హెల్మెట్ చాలు, లిఫ్ట్ ఎక్కి దిగేటప్పుడు మాత్రం గడ్డం కూడా కప్పే ఫుల్‌ఫేస్ వెయ్యండి. పిల్లలు ముందుకి బోర్లా పడతారు, పళ్ళు ముందు తగులుతాయి. మోకాలి ప్యాడ్లు, పూర్తి వేళ్ళ గ్లవ్స్ అంతే ముఖ్యం. ప్యాడ్లు అద్దెకి దొరుకుతాయి గానీ నాలుగైదేళ్ళ పిల్లల సైజు అన్నిచోట్లా ఉండదు, కొనుక్కుని రండి. ఏడాది తిరిగేసరికి పొట్టివైపోతాయి, ఇంకో తెలుగు కుటుంబానికి ఇచ్చేయండి, మా దగ్గర అలా చేతులు మారుతున్నవి కొన్ని ఉన్నాయి.

ఎవరూ చెప్పనిది: పొడవైన దిగుడు దిగాక బ్రేక్ డిస్క్ కాలిన పెనంలా ఉంటుంది. లిఫ్ట్ కింద వరసలో నిలబడ్డప్పుడు పిల్ల కంటి ఎత్తులో మెరుస్తూ ఉంటుంది కాబట్టి చెయ్యి పెడుతుంది. బైక్‌ని డిస్కులున్న పక్క పిల్ల వైపు ఉండకుండా తిప్పి పట్టుకోవడం అలవాటు చేసుకోండి.

మేమిద్దరం కలిసి తొక్కేదెప్పుడు?

తక్కువ. ఒకరు పొద్దున, ఒకరు మధ్యాహ్నం అనేదే ఎక్కువ రోజులు నడుస్తుంది. పొద్దున వాళ్ళకి ఖాళీ ట్రెయిల్ దొరుకుతుంది, మధ్యాహ్నం వాళ్ళకి ఉరుముల భయం ఉంటుంది, కాబట్టి రోజు మార్చి రోజు మార్చుకోండి. కలిసి తొక్కాలంటే పిల్ల బైక్ స్కూల్లో ఉన్న ఆ రెండు గంటలు, లేకపోతే పిల్లల్ని చూసుకునే మనుషులున్న హోటల్. ఆస్ట్రియాలో కుటుంబాల హోటళ్ళలో ఇది గది అద్దెలోనే కలిపి ఉంటుంది, ఏ వయసు నుంచి తీసుకుంటారో, ఆ మనిషికి ఇంగ్లిష్ వస్తుందో లేదో బుక్ చేసేముందు రాసి అడగండి.

ఇంకో తెలుగు కుటుంబంతో కలిసి వెళ్ళడం అన్నిటికన్నా బాగుంటుంది. నలుగురు పెద్దవాళ్ళలో ఇద్దరు కొండ మీద, ఇద్దరు పిల్లలతో. పిల్లలకి పిల్లలు దొరికితే మన అవసరమే ఉండదు.

లిఫ్ట్ పాసులకి ఎంతవుతుంది?

పెద్దవాళ్ళకి బైక్ రోజు పాస్ ఊరిని బట్టి సుమారు 35 నుంచి 60 యూరోల మధ్య ఉంటుంది. వంతులు వేసుకుని తొక్కేవాళ్ళు రోజు పాస్ కొనడం దండగ, సగం రోజు పాసులు, మధ్యాహ్నం నుంచి మొదలయ్యే పాసులు అడగండి. నడిచి తిరిగేవాళ్ళ సంగతి వేరు, సాల్‌బాఖ్‌లో పార్ట్‌నర్ బసల్లో దిగితే జోకర్ కార్డ్ ఉచితంగా ఇస్తారు, దానితో బైక్ లేనివాళ్ళు లిఫ్టుల్లో తిరగొచ్చు. గది చూసేటప్పుడు ఆ కార్డ్ గుర్తు ఉందో లేదో చూసుకోండి, ఆ గుర్తు లేని చవక గది లెక్క కట్టి చూస్తే ఖరీదైపోతుంది. పోర్ట్ డ్యు సొలేలో మల్టీ పాస్ అని దాదాపు ఇలాంటిదే ఉంది.

తిండి సంగతేంటి? మేం శాకాహారులం, పైగా పిల్లకి అన్నం లేకపోతే కుదరదు.

వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోండి, మాట్లాడే పని లేదు. బియ్యం, పెరుగు, ఆలుగడ్డ, టమాటా ప్రతి ఊళ్ళో దొరుకుతాయి, కందిపప్పు, చింతపండు, పోపు డబ్బా ఇంటి నుంచి రావాలి. చాలా అపార్ట్‌మెంట్లలో ఇండక్షన్ పొయ్యిలే, మామూలు అల్యూమినియం కుక్కర్ వాటిమీద పనిచేయదు, ఇండక్షన్ మీద పనిచేసే అడుగున్న కుక్కర్ తెచ్చుకోండి. ఆస్ట్రియాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, టూరిస్టుల ఊళ్ళలో ఒకటో అరో తెరిచినా దాన్ని నమ్ముకోవద్దు, శనివారం సాయంత్రమే పెరుగు తెచ్చి పెట్టుకోండి. కుళాయి నీళ్ళు హాయిగా తాగొచ్చు.

ఇండియా నుంచి నేరుగా వచ్చేవాళ్ళు: నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్ళు తేవద్దు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం సామాన్లో తేవడానికి లేదు. పచ్చి కరివేపాకుకి కూడా మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి, కట్ట పెట్టుకొచ్చి కస్టమ్స్ దగ్గర చెత్తబుట్టలో వేసి రావడం ఎందుకు. ఆవకాయ, కందిపొడి, ఎండు కరివేపాకు పొడి చాలు.

కొండ మీద గుడిసె హోటళ్ళలో శాకాహారం అంటే చీజ్ స్పెట్జ్‌లె (నూడుల్స్ లాంటి పిండి వంటకం), బంగాళాదుంప వేపుడు, సూపు. పిల్లలకి కైజర్‌ష్మార్న్ పెట్టించండి, మెత్తటి అట్టుని ముక్కలు చేసి పంచదార పొడి చల్లి ఇస్తారు. గుడ్డు ఉంటుంది, తినని వాళ్ళు జాగ్రత్త. స్పెట్జ్‌లెలో కూడా గుడ్డు ఉంటుంది.

ఎండాకాలమే కదా, చలి బట్టలు అవసరమా?

అవసరం. ప్రతి వెయ్యి మీటర్లకి ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది, సాల్‌బాఖ్‌లో చొక్కా మీద తిరిగే వేళ 2020 మీటర్ల షాట్‌బెర్గ్ మీద జాకెట్ కావాలి. రెండు వేల మీటర్ల పైన జులైలో కూడా మంచు పడగలదు. ఎండ కూడా అంతే, ఎత్తుకి వెళ్ళేకొద్దీ అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, మబ్బు పట్టినా పిల్ల ముఖానికి సన్‌స్క్రీన్ రాయండి. మనది చామనఛాయ కదా ఏం కాదులే అనే పెద్దవాళ్ళ మాట వినొద్దు.

మధ్యాహ్నం రెండు మూడు దాటాక ఉరుములతో వాన రావడం జులై, ఆగస్ట్‌లలో మామూలే. మెరుపులొస్తే లిఫ్టులు ఆపేస్తారు. పిల్లతో పైన ఉన్నప్పుడు మధ్యాహ్నం రెండింటికల్లా దిగడం మొదలెట్టండి. కొన్ని లిఫ్టులు భోజనం వేళ ఆపుతారు, ఆఖరి లిఫ్ట్ సాయంత్రం నాలుగున్నర ఐదుకే, ఆ టైమింగులు పొద్దునే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

అంత ఎత్తులో పిల్లకి ఏమైనా అవుతుందా?

ఈ ఊళ్ళు సుమారు ఎనిమిది వందల నుంచి పద్దెనిమిది వందల మీటర్ల మధ్య ఉంటాయి, ఆరోగ్యంగా ఉన్న పిల్లకి ఇబ్బంది రాదు. గొండోలాలో (మూసి ఉన్న క్యాబిన్ లిఫ్ట్‌లో) గబగబా ఎక్కేటప్పుడు చెవులు పట్టేస్తాయి, నీళ్ళు తాగించండి, చాక్లెట్ చప్పరించనివ్వండి. జలుబు, చెవినొప్పి ఉన్న రోజు లిఫ్ట్ వద్దు.

పడి దెబ్బ తగిలితే?

యూరప్ అంతా 112. ఆస్ట్రియాలో కొండ రక్షణ దళం నంబర్ 140, అంబులెన్స్ 144, స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్‌కి రేగా వాళ్ళ 1414.

ఆస్ట్రియాలో హెలికాప్టర్ ఉచితం కాదు, బిల్లు వేల యూరోల్లో వస్తుంది, జర్మనీ ప్రభుత్వ ఆరోగ్య బీమా దాన్ని పూర్తిగా భరిస్తుందని అనుకోవద్దు. అందుకే ఆల్పెన్‌ఫెరైన్ అనే పర్వతారోహకుల సంఘంలో సభ్యత్వం తీసుకోండి, అందులోనే రక్షణ ఖర్చు బీమా కలిసి ఉంటుంది. ఫ్రాన్స్‌లో బయటి కొండల మీద జెండార్మ్‌ల (అక్కడి పోలీసుల) దళం చేసే రక్షణకి డబ్బు తీసుకోరు, బైక్ పార్క్ లోపల మాత్రం పార్క్ సిబ్బంది బిల్లు వేస్తారు. వీసా కోసం కొన్న బీమాలో మౌంటెన్ బైకింగ్ ఉందో లేదో చిన్న అక్షరాలు చదవండి, చాలావాటిలో సాహస క్రీడలు మినహాయింపు, అదనంగా కడితేనే వస్తుంది. ఊళ్ళో డాక్టర్లు ప్రైవేటువాళ్ళే ఎక్కువ, ముందు మీరు కట్టి తర్వాత బీమా దగ్గర రాబట్టుకోవాలి, కాబట్టి ప్రతి రసీదూ దాచుకోండి.

పురుగూపుట్రా భయం ఉందా?

పాములు కాదు, పిడుదులు. ఆస్ట్రియాలో పిడుదుల వల్ల మెదడువాపు సోకే ప్రమాదం ఉంది, అక్కడివాళ్ళు దానికి టీకా వేయించుకుంటారు, ఏడాది నిండిన పిల్లలకి కూడా వేస్తారు. పూర్తి కోర్సు మూడు డోసులు, కొన్ని నెలలు పడుతుంది కాబట్టి చలికాలంలోనే పిల్లల డాక్టర్‌ని అడగండి. రోజూ సాయంత్రం స్నానం చేయించేటప్పుడు చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ళ వెనక, తల వెంట్రుకల్లో చూడాలి.

ఆవులు కూడా. పచ్చిక మీద దూడతో ఉన్న ఆవు దగ్గరికి పిల్లని పంపకండి, మన ఊరి ఆవులా దండం పెట్టుకోనివ్వదు, తరిమి పొడుస్తుంది. దడి తీగల్లో కరెంటు ఉంటుంది, ప్రాణం పోదు గానీ పిల్ల రోజంతా మర్చిపోదు. గేటు తీసిన వాళ్ళే వెయ్యాలి.

వాన రోజు ఏం చేయాలి?

దారిలో చెట్ల వేర్లు తడిస్తే పిల్లలతో ట్రెయిల్ వద్దు. అవోరియాజ్‌లో అక్వారియాజ్ అని గాజు కప్పు కింద నీటి పార్క్ ఉంది, జెల్ ఆమ్ జే, కాప్రున్ వైపు ఈత కొలనులున్నాయి. క్రిమ్ల్ జలపాతం 380 మీటర్లు, సాల్‌బాఖ్ నుంచి కారులో వెళ్ళి రావచ్చు, వానలో ఇంకా బాగుంటుంది, ఎలాగూ తడుస్తారు.

అమ్మమ్మ, తాతయ్య మాతోనే ఉన్నారు. వాళ్ళని తీసుకెళ్ళొచ్చా?

తప్పకుండా. ఎండాకాలంలో ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని మూడు నెలలు ఫ్లాట్‌లో కూర్చోబెట్టే కన్నా ఇది ఎంతో నయం, మీకు కలిసి తొక్కే అవకాశం కూడా వస్తుంది. గొండోలా ఉన్న కొండనే ఎంచుకోండి, కదిలే చెయిర్ లిఫ్ట్ ఎక్కి దిగడం మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి కష్టం. పైన బల్లలు, బాత్రూమ్, నీడ, పిల్ల ఆడుకునే చోటు అన్నీ ఒకచోటే ఉండాలి, కోల్‌మైస్ ఆ లెక్కన బాగుంటుంది. వాళ్ళ వీసా ఎన్ని రోజులకి ఉందో, ఎన్ని దేశాలకి వర్తిస్తుందో చూసుకోండి, పాస్‌పోర్ట్ ఒరిజినల్ వాళ్ళ సంచిలోనే ఉండాలి. బీమా కూడా వాళ్ళ పేరు మీద విడిగా కావాలి.

ఒక ఫోన్‌లో ఆస్ట్రియాలో పనిచేసే సిమ్ వేసి వాళ్ళకివ్వండి, కింది స్టేషన్ పేరు తెలుగులో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. ఎన్ని గంటలకి వస్తామో చెప్పి, ఆ టైముకి రండి. పది నిమిషాలు ఆలస్యమైతే మీరు ఏ లోయలో పడ్డారో అని తాతయ్య లిఫ్ట్ వాళ్ళందరినీ పోగేస్తాడు.